ఓడ ఎవరిది, మాల్ ఎవరిది? బందరు సముద్రంలో జప్తుల కథ



జప్తు అనే మాటకు మన ఇళ్లలో తర్జుమా అక్కర్లేదు. అరబీలో జబ్త్, ఉర్దూలో జబ్తీ, తెలుగులో జప్తు. పన్ను కట్టకపోతే జప్తు, కిస్తీ తప్పితే జప్తు, కోర్టు డిక్రీ వస్తే జప్తు. ఇవన్నీ బాకీ ఉన్నవాడి మీద పడేవి. ఇవాళ నేను రాస్తున్నది వేరే రకం జప్తు గురించి. ఇద్దరు బాద్‌షాలు జంగ్ చేసుకుంటుంటారు. ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని మూడోవాడి ఓడ ఆ దారిన పోతుంటుంది. దాన్ని ఆపి, అందులోని మాల్ పట్టుకుపోతారు. అది ఏ హక్కుతో? దానికి ఖానూన్ ఏమైనా ఉందా? ఉంటే, అది ఎవరిని కాపాడింది?

ఇది ఎక్కడో యూరప్ సంగతి అనుకోకండి. మా హనుమాన్ జంక్షన్‌లో నిలబడితే ఒక రోడ్డు బెజవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు పోతాయి. నాలుగోది గుడివాడ మీదుగా బందరు పోతుంది. ఆ నాలుగో రోడ్డు చివర ఉన్న సముద్రం మీదే ఈ కథ చాలాసార్లు నడిచింది. బందరు అన్న పేరే ఫారసీ. రేవు అని అర్థం. రేవు మీద అధికారిని షాబందర్ అనేవారు.

ముందు సమస్య ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. కొన్నేళ్ల క్రితం మా ఖాలూ ఒకాయన నూజివీడు మామిడికాయలు లారీకి ఎత్తించారు. అదే లారీలో ఇంకో ఇద్దరి సరకు కూడా ఉంది. దారిలో ఫైనాన్సు కంపెనీ మనుషులు లారీని ఆపేశారు. లారీ ఓనరు కిస్తీలు కట్టలేదట. "లారీ మీది కాదు కదా, మీకెందుకు కంగారు?" అన్నారు ఖాలూతో. "లారీ నాది కాదు బాబూ, కాయలు నావి" అన్నారాయన. కాయలు ఆయనవే అని రుజువు చేసే వే బిల్లు డ్రైవరు దగ్గర ఉంది. డ్రైవరు ఎక్కడికో వెళ్లిపోయాడు. రెండు రోజులు గడిచేసరికి తగాదా తేలలేదు గానీ కాయలు మెత్తబడిపోయాయి.

సముద్రం మీద కూడా ప్రశ్న ఇదే. దుష్మన్ ఓడలో తటస్థుడి సరకు ఉంటే దాన్ని తీసుకోవచ్చా? తటస్థుడి ఓడలో దుష్మన్ సరకు ఉంటే? ఈ రెండు ప్రశ్నలకు మధ్యధరా సముద్రపు వర్తకులు ఏనాడో ఒక జవాబు చెప్పుకున్నారు. ఓడను చూడొద్దు, మాలిక్ ఎవరో చూడు అన్నారు. దుష్మన్ మాల్ ఎవరి ఓడలో ఉన్నా తీసుకోవచ్చు. తటస్థుడి మాల్ ఎవరి ఓడలో ఉన్నా ముట్టుకోకూడదు. తర్వాత డచ్చివాళ్లలాంటి వర్తక దేశాలు ఇంకో మాట పట్టుకున్నాయి. జెండాను చూడు, ఓడ తటస్థుడిదైతే లోపల సరకు కూడా స్వేచ్ఛే అన్నాయి. ఎవరి లాభం ఎటుంటే వాళ్లు ఆ ఖానూన్ చెప్పారు.

మన గోల్కొండ వర్తకులకు ఈ చర్చలో చోటు లేదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు హిందూ మహాసముద్రం మీద ఒక పద్ధతి పెట్టారు. తమ దగ్గర కార్తాజ్ అనే కాగితం కొనుక్కోని ఓడ కనబడితే పట్టుకోవడమే. కార్తాజ్ అన్న మాట కూడా మన కిర్తాస్ నుంచే వెళ్లిందంటారు. అంటే కాగితం అనే. ఏ సరకు ఎక్కించవచ్చు, ఏ రేవుకు పోవచ్చు, ఎవరిని ఎక్కించుకోకూడదు అన్నీ దాంట్లో రాసేవారు. బందరు నుంచి మోఖా, జిద్దా వైపు పోయే ఓడల్లో హాజీలు ఉండేవారు. మక్కా మదీనాల గరీబులకు కుతుబ్ షాహీ సుల్తానులు పంపే ఖైరాత్ కూడా ఉండేది. హజ్‌కు పోవాలన్నా, జంగ్‌తో ఏ నిస్బత్ లేకపోయినా, పరాయివాడి కాగితం జేబులో ఉండాల్సిందే. తర్వాత డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు కూడా పాసులు మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు కేసుకు వద్దాం. సంవత్సరం 1685. గోల్కొండ తఖ్త్ మీద అబుల్ హసన్ తానాషా ఉన్నాడు. ఉత్తరం నుంచి ఔరంగజేబు ఫౌజు ఒత్తిడి పెరుగుతోంది. అదే సమయంలో బంగాళాఖాతం అవతలి నుంచి ఇంకో జంగ్ వచ్చిపడింది. సియాం రాజు నారాయ్‌తో. సియాం అంటే ఇవాళ్టి థాయ్‌లాండ్.

బందరుకూ సియాంకూ పాత వ్యాపారం ఉంది. మన కోస్తా బట్ట మెర్గుయీ రేవులో దిగి, అడవి దారిన అయుత్థయ నగరానికి చేరేది. అటు నుంచి ఏనుగులు కూడా ఓడలెక్కి బందరు వచ్చేవి. మెర్గుయీ ఇప్పుడు బర్మాలో ఉంది. ఆ దారి మీద చాలాకాలం పెత్తనం ఇరానీ, గోల్కొండ ముస్లిం వర్తకులది. నారాయ్ కొలువులో కాన్‌స్టంటైన్ ఫౌల్కన్ అనే గ్రీకువాడు పైకి వచ్చాక వాళ్లను తప్పించి ఇంగ్లిషువాళ్లను పెట్టాడు. శామ్యూల్ వైట్ అనే ఇంగ్లిషు నావికుడు మెర్గుయీకి షాబందర్ అయ్యాడు. అంతకుముందు సియాం రాజు ఓడను మెర్గుయీ నుంచి బందరుకు నడిపినవాడే ఇతను. వ్యాపార తగాదాలు ముదిరి గోల్కొండ మీద సియాం యుద్ధానికి దిగింది. వైట్‌కు అది ఈద్ చాంద్ కనబడినట్టయింది. షాబందర్‌గా ఓడల మీద పన్ను వేయగలడు. యుద్ధం ఉంటే ఓడలనే తీసుకోగలడు.

అతను కోట్స్ అనే ఇంగ్లిషు కెప్టెన్‌ను సియాం జెండా కింద మన తీరానికి పంపాడు. కోట్స్ మాదాపోలం దగ్గర, అంటే నర్సాపురం పక్కన, గోల్కొండ ఓడల మీద పడ్డాడు. మాదాపోలం బట్ట పేరు వినే ఉంటారు, ఆ ఊరే. అక్కడ ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ కూడా ఉండేది. గోల్కొండ అధికారుల కంటికి ఏం కనబడింది? ఓడ మీద సియాం జెండా, ఓడలో ఇంగ్లిషు మొహాలు. "మీవాళ్లే మా ఓడలు దోచుతున్నారు, మీరే జవాబు చెప్పండి" అని కంపెనీవాళ్ల మెడ మీద కూర్చున్నారు. కంపెనీ ఏమో "వాడు మా నౌకరు కాదు, సియాం నౌకరు" అంది. జెండాను చూడాలా, మనిషిని చూడాలా అన్న పాత ప్రశ్నే మన నర్సాపురం రేవులో నిలబడింది.

ఇంతవరకు దుష్మన్ మాల్ సంగతి. అసలు జుల్మ్ తర్వాతిది. తియాగ రాజా అనే ఓడ ఒకటి వైట్ మనుషుల చేతికి చిక్కింది. అది గోల్కొండ ఓడ కాదు. మద్రాసులో స్థిరపడిన ఒక ఆర్మేనియన్ వర్తకుడిది. మద్రాసు కంపెనీ రక్షణలో ఉంది, కంపెనీకి సియాంతో అప్పటికి యుద్ధం లేదు. అంటే ఓడ తటస్థుడిదే. అయినా లోపల గోల్కొండవాళ్ల సరకు ఉందన్న సాకు మీద పట్టుకున్నారు. ఈ జప్తు సంగతులు మనకు తెలియడానికి కారణం వైట్ దగ్గర గుమాస్తాగా పనిచేసిన డేవెన్‌పోర్ట్ అనే అతను. తర్వాత అదంతా రాసి అచ్చు వేయించాడు.

ఆ ఓడ మీద ఖాజీ ఎవరు? ఆలోచించండి. ఓడను పట్టమని పంపింది వైట్. పట్టిన ఓడ సరైనదా కాదా అని మెర్గుయీలో తీర్పు చెప్పగలిగే షాబందరు వైట్. లాభంలో వాటా వైట్‌ది. ముద్దయీ, మునసబు, వేలంలో కొనేవాడు అందరూ ఒక్కడే అయితే ఖానూన్ ఎంత మంచిదైనా ఏం లాభం?

కంపెనీ చివరకు సియాం రాజును 65,000 పౌండ్ల నష్టపరిహారం అడిగింది. తన రాజ్య ప్రజలెవరూ అక్కడ పరాయి రాజుల కొలువు చేయకూడదని ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ హుకుం ఇచ్చాడు. 1687లో కర్టానా అనే యుద్ధ ఓడ మెర్గుయీ వచ్చింది. జులై 14 రాత్రి సియాం పక్షంవాళ్లు ఆ ఊళ్లోని ఇంగ్లిషువాళ్ల మీద పడి పదుల సంఖ్యలో చంపేశారు. వైట్ మాత్రం తప్పించుకుని ఇంగ్లండు చేరాడు, రెండేళ్లకు అక్కడే చనిపోయాడు. అదే 1687 సెప్టెంబరులో గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. ఓడలు పోయిన బందరు వర్తకులకు ఫర్యాదు చేసుకోవడానికి దర్బారే లేకుండా పోయింది.

ఇక్కడ మనవాళ్లు ఒక ప్రశ్న వేయాలి. మన దగ్గర దీని మీద ఇల్మ్ లేదా? ఉంది. చాలా పాతది. ఇమామ్ అబూ హనీఫా షాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ షైబానీ హిజ్రీ 189లో, అంటే 805లో వఫాత్ అయ్యారు. యుద్ధంలో, సుల్హ్‌లో పరాయి రాజ్యాలతో ఎలా నడుచుకోవాలన్న దాన్ని సియర్ అంటారు. దాని మీద ఆయన ప్రత్యేకంగా కితాబులు రాశారు. యూరప్‌లో గ్రోషియస్ 'స్వేచ్ఛా సముద్రం' అచ్చు వేయించిన 1609కి అది ఎనిమిది వందల ఏళ్ల ముందు మాట.

అందులో గుండెకాయ లాంటిది అమాన్. అమాన్ పుచ్చుకుని వచ్చిన పరాయి వర్తకుడిని ముస్తామిన్ అంటారు. అతని దేశంతో జంగ్ నడుస్తున్నా అతని జాన్, మాల్ భద్రం. ఇక్కడ ఉండగా చనిపోతే అతని ఆస్తి వారసులకే చెందుతుంది. అమాన్ ఇవ్వడానికి సుల్తానే అక్కర్లేదు, మామూలు ముస్లిం ఇచ్చినా చెల్లుతుంది. అటువైపు అమాన్ మీద పోయిన మన వర్తకుడు కూడా అక్కడ దగా చేయకూడదు. అమాన్ లేని దుష్మన్ మాల్‌ను గనీమత్‌గా ఆ కితాబులూ ఒప్పుకున్నాయి. అది దాచాల్సిన పని లేదు. కానీ మాట ఇచ్చాక ముట్టుకోకూడదు అన్న గీత మాత్రం గట్టిగా గీశాయి.

మరి ఎవరి పక్షమూ కానివాడి సంగతి? దీని మీద డాక్టరేట్ చేసినవాడు మన హైదరాబాదీయే. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, 1908లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్ యూనివర్సిటీకి వెళ్లారు. ఇస్లామీ అంతర్జాతీయ ఖానూన్‌లో తటస్థత ఆయన రిసర్చ్. పక్కకు తప్పుకుని ఉండటాన్ని అరబీలో ఎతెజాల్ అంటారు. సూరహ్ నిసా 90వ ఆయత్‌లో వచ్చేది ఆ మాట మూలమే. తర్వాత సోర్‌బోన్‌లో ఇంకో డాక్టరేట్ చేసి, ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం చెప్పారు. 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాదు బృందంలో ఆయన ఉన్నారు. ఆ సెప్టెంబరులో రాజ్యమే లేకుండా పోయింది. ఆయన పారిస్‌లో ఉండిపోయారు, ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. 2002లో అమెరికాలో వఫాత్ అయ్యారు. యవ్వనంలో తటస్థత మీద థీసిస్ రాసిన మనిషి ఆ తర్వాత సగం జిందగీకి పైగా ఏ దేశానికీ చెందకుండా బతికారు.

యూరప్ రాజ్యాలు ఈ తగాదాకు కాగితం మీద ఒక ఫైసలా చేసుకున్నది 1856 ఏప్రిల్ 16న, పారిస్‌లో. సంతకం పెట్టిన ఏడుగురిలో ఉస్మానీ తుర్కీ కూడా ఒకటి. ఫైసలాలో నాలుగు మాటలు. ప్రైవేటు ఓడలకు దోపిడీ లైసెన్సులు ఇవ్వడం బంద్. తటస్థ ఓడలోని దుష్మన్ సరకు ముట్టుకోకూడదు. దుష్మన్ ఓడలోని తటస్థ సరకు కూడా ముట్టుకోకూడదు. ఈ రెండింటికీ ఒకటే మినహాయింపు, యుద్ధానికి పనికొచ్చే నిషిద్ధ సరకు. నాలుగోది, రేవును దిగ్బంధం చేశామంటే నోటి మాట చాలదు, నిజంగా ఓడలు పెట్టి మూయాలి.

ఈ రూళ్లు మన సముద్రంలోనే పరీక్షకు వచ్చాయి. 1914 సెప్టెంబరు. జర్మన్ యుద్ధ ఓడ ఎమ్డెన్ బంగాళాఖాతంలోకి దూరింది. మద్రాసు మీద గుండ్లు వేసి చమురు ట్యాంకులు తగలబెట్టిందని అందరికీ తెలుసు. అది సెప్టెంబరు 22 రాత్రి. అంతకు రెండు వారాల ముందు కలకత్తా దారిలో అది చేసిన పనులు మన విషయానికి ముఖ్యం.

మొదట పాంటోపొరోస్ అనే గ్రీకు ఓడ దొరికింది. గ్రీసు అప్పటికి తటస్థం. కానీ అందులో సుమారు 6,500 టన్నుల బొగ్గు బ్రిటిష్ సర్కారు కోసం పోతోంది. ఆవిరి ఓడల కాలంలో బొగ్గు అంటే బారుదే. బొగ్గును జప్తు చేశారు, ఓడను ముంచలేదు. కెప్టెన్‌తో కిరాయి మాట్లాడుకుని వెంట పెట్టుకున్నారు. తర్వాత కబింగా అనే ఓడ దొరికింది. ఇది బ్రిటిష్ ఓడ, ముంచే హక్కు ఉంది. కానీ కాగితాలు చూస్తే సరకు అమెరికావాళ్లది. అమెరికా తటస్థం. ఓడను ముంచితే సరకు కూడా మునుగుతుంది, దాని ఖర్చు జర్మనీ నెత్తిన పడుతుంది. కెప్టెన్ వాన్ ముల్లర్ ఆ ఓడను వదిలేశాడు. మిగతా ఓడల నుంచి దింపిన ఖైదీలందరినీ అందులో ఎక్కించి పంపించాడు. మూడోది లోరెడానో, ఇటలీ ఓడ. అప్పటికి ఇటలీ కూడా తటస్థం, సరకులో ఖోట్ లేదు. వదిలేశాడు. ఆ లోరెడానోయే వెళ్లి ఎమ్డెన్ తిరుగుతోందన్న ఖబర్ అందించింది. ఖానూన్ పాటించినందుకు నష్టపోయాడు, అయినా పాటించాడు.

అదే జంగ్‌లో ఖానూన్‌ను సాగదీసిన కథ కూడా ఉంది. బ్రిటన్ నిషిద్ధ సరకు జాబితాను పెంచుకుంటూ పోయింది. తిండి గింజల దాకా వచ్చింది. తటస్థ దేశాలు మొత్తుకున్నాయి. జమోరా అనే స్వీడన్ ఓడ న్యూయార్క్ నుంచి స్టాక్‌హోమ్‌కు గింజలు, రాగి తీసుకుపోతుంటే పట్టుకున్నారు. కేసు తేలకముందే రాగిని సర్కారు తీసేసుకోబోయింది. 1916లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఒక గొప్ప మాట చెప్పింది. ఇలాంటి కేసులు విచారించే కోర్టు అంతర్జాతీయ ఖానూన్ ప్రకారం నడవాలి, సొంత రాజు హుకుంతో దాన్ని మార్చలేరు అని. మెర్గుయీలో వైట్ దగ్గర లేనిది ఇదే. పట్టేవాడి చేయి వేరు, తీర్పు చెప్పేవాడి నోరు వేరు.

ఇంకో సంగతి కూడా మన పెద్దలకు సంబంధించినది. 1914 నవంబరులో తుర్కీతో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియా సర్కారు ఒక ఎలాన్ చేసింది. అరేబియాలోని పవిత్ర స్థలాల మీద, జిద్దా రేవు మీద దాడి చేయబోమని. షరతు ఏమిటంటే హిందుస్తానీ హాజీలకు అడ్డు రాకూడదు. మన మీద ప్రేమతో కాదు, ఇక్కడి ముస్లింలు తిరగబడతారన్న ఫికర్‌తో. కారణం ఏదైనా, యుద్ధం ముట్టకూడని చోటు ఒకటుంటుందని ఒప్పుకున్నారు.

ఇదంతా పాత కథ అనుకుంటే 2023, 2024 చూడండి. 2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో యెమన్ హూతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. బహామాస్ జెండా, మాలిక్ తరఫున ఇజ్రాయెల్ సంబంధం, నౌకర్లేమో ఫిలిప్పీన్స్, బల్గేరియా, రొమేనియా, యుక్రెయిన్, మెక్సికో వాళ్లు. ఆ 25 మంది ఇల్లు చేరడానికి 2025 జనవరి దాకా పట్టింది. 2024 ఏప్రిల్ 13న హర్మూజ్ దగ్గర ఇరాన్ ఎంఎస్‌సీ ఏరీస్ ఓడను పట్టుకుంది. పోర్చుగల్ జెండా, ఇజ్రాయెలీ వ్యాపారితో సంబంధం, ఓడలోని 25 మందిలో 17 మంది భారతీయులు. జెండాకు ఒక దేశం, సొమ్ముకు ఒక దేశం, చెమటకు ఇంకో దేశం.

ఇక్కడే మన ఇన్సాఫ్‌కు ఇమ్తిహాన్. గాజా మీద జరిగిన జుల్మ్‌కు మన గుండె మండింది, మండాలి కూడా. కానీ ఆ కోపంలో ఓడ వంటగాడిని ఏడాదికి పైగా బందీగా పెట్టడాన్ని ఫతహ్ అని వాట్సాప్‌లో పంపుకున్నాం. అతను ఏ పక్షం? కోట్స్ బందరు వర్తకుడి ఓడ పడితే జుల్మ్, మనవాడనుకున్నవాడు పరాయి గరీబును పట్టితే బహాదురీ అయితే, షైబానీ కితాబులు ఎవరి కోసం రాసినట్టు? కార్తాజ్ లేని హాజీ ఓడను పట్టడం తప్పని మనం చెప్పాలంటే, మన తరాజు రెండు పళ్లాలూ ఒకటిగా ఉండాలి. గల్ఫ్ రేవుల్లో, ఓడల మీద పనిచేసే మన పిల్లలు రేపు ఏ జెండా కింద ఉంటారో మనకు తెలియదు. వాళ్ల కోసమైనా ఈ ఖానూన్ బతికుండాలి.

హమీదుల్లా సాబ్ 1980లో బహావల్‌పూర్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు ఖుత్బాత్-ఎ-బహావల్‌పూర్ పేరుతో ఉర్దూలో వచ్చాయి. సాదా ఉర్దూ. వాటిలో ఒకటి పూర్తిగా అంతర్జాతీయ ఖానూన్ మీదే. ఇంట్లో దాదీకో నానాకో ఉర్దూ వస్తే, పిల్లలను పక్కన కూర్చోబెట్టి ఆ ఒక్క ఖుత్బా చదివించండి. చదివేటప్పుడు పిల్లలకు మ్యాప్‌లో బందరు, మెర్గుయీ చూపించండి. తర్వాత వాళ్లు ఏ ప్రశ్నలు అడిగారో నాకు రాయండి.

ఖుదా హాఫిజ్.